రోగమును దాచుకొనుట పరపతి యగునా?

గడచిన శ్రావణమాసమునకు కొంచెము ముందు, మన షోలాపురపు పూర్వభాగమున తువ్వాళ్ల వ్యాపారము చేయు మిత్రుడొకడు తన దుకాణములోనే కూలిపోయెను. వయస్సు 47, మాకంటె ఒక యేడు చిన్న. గుండెపోటని వైద్యులు చెప్పిరి. వేళకు ఆసుపత్రికి చేర్చుటచే ప్రాణము దక్కినది. ఆయన పేరు ఇచ్చట వ్రాయము. ఆయన అనుమతి తీసికొని సంగతి మాత్రము వ్రాయుచున్నాము.

ఆయన పడినది మంగళవారము మధ్యాహ్నము. బుధవారము సాయంకాలమునకు వార్త కన్నా చౌకు దాటి అక్కల్‌కోట రోడ్డు కార్ఖానాల వరకు ప్రాకినది. గురువారమునాటికి ఆసుపత్రి వరండాలో పరామర్శకు వచ్చినవారు ఏడుగురైతే, వారిలో నలుగురు ఆయన పెద్దకుమారుని ప్రక్కకు పిలిచి తమ బాకీ మాట ఎత్తిరి. ఆ బాలునికి 19 ఏండ్లు. తండ్రి చిట్టా ఆవర్జాలు ఎన్నడును తెరచి చూచినవాడు కాడు. శుక్రవారము ఉదయము ఐదవ మనిషి వచ్చెను. అతడు మా గుమాస్తా. పంపినది మేమే. మాకు రావలసిన బాకీ 1,84,000 రూపాయలు. "పరామర్శించినట్లును ఉండును, అడిగినట్లును ఉండును, పోయి రమ్ము" అని మేము చెప్పిన మాట ఇప్పటికిని మా చెవిలోనే యున్నది.

ఈ సంగతిని మేము సిగ్గుతోనే వ్రాయుచున్నాము. సంఘమున పెద్దరికము వహించి, పెండ్లిండ్లకును, తగవులకును ముందు నిలుచు మేమే ఇట్లు చేసితిమి. కాని మాది ఒక్కరిది మాత్రమే యైన ఈ వ్యాసమునకు పని లేదు. బజారుకు బజారే ఇట్లు నడచుచున్నది.

పది దినముల తరువాత ఆయన ఇల్లాలు మా ఇంటికి వచ్చినది. బాకీ విషయమై కాదు, మందుల చీటీ చదివించుకొనుటకు. మాటలలో ఆమె యిట్లనినది: "అన్నా, నాలుగు నెలల సంది మెట్లెక్కితే ఆయాసమొస్తుండె. రాత్రి పండుకుంటే ఎద మీద బరువు పెట్టినట్లుంటదని చెప్పిండు. డాక్టరు తానికి పోదామంటే, ఎవ్వరికి చెప్పొద్దని నాకు ఒట్టు పెట్టిండు. సేటుకు పానం బాగలేదని బజార్ల తెలిస్తే నూలు ఎవడిస్తడు అన్నడు."

ఆయన అన్న మాట అబద్ధమా? మేమిచ్చియుందుమా? ఈ ప్రశ్న మమ్ము వదలలేదు. నాలుగు నెలల ముందే ఆయన వైద్యుని యొద్దకు పోయినాడని మా చెవిని పడియున్న, నూటికి తొంబది పాళ్లు మేము తరువాతి నూలు బేళ్లకు రొక్కము అడిగియుందుము. ఆయన లెక్క సరియైనదే. ఆ సరియైన లెక్కయే ఆయనను ఆసుపత్రి మంచము వరకు తీసికొనిపోయినది.

మేము మెట్రిక్యులేషను వరకే చదివినవారము, వైద్యులము కాము. అయినను ఈ కొన్ని నెలలు మిత్రులైన వైద్యులను అడిగియు, దొరికినది చదివియు తెలిసికొన్న దానిని చదువరులకు విన్నవించుట మంచిదని తలచుచున్నాము. ఏలయనగా "టెన్షను" అను మాట మన నోట రోజునకు పదిమార్లు వచ్చుచున్నను, అది మనస్సుకు సంబంధించిన సంగతియే కాని దేహమునకు సంబంధించినది కాదని మనలో పెక్కురి నమ్మకము.

హాన్స్ సెల్యే అను శాస్త్రజ్ఞుడు కెనడాలోని మాంట్రియల్ నగరమున ఎలుకలపై పరిశోధనలు చేసి 1936లో ఒక చిన్న లేఖను ప్రకటించెను. చలిలో ఉంచినను, గాయపరచినను, మితిమించి శ్రమ పెట్టినను, బాధ ఏదియైనను ఎలుక దేహమున కలుగు మార్పు లొక్కటే యని ఆయన కనుగొనెను. మొదట దేహము ఉలికిపడును. పిమ్మట తట్టుకొని నిలుచును. బాధ తొలగనిచో చివరకు అలసి చతికిలబడును. మనలను మోసపుచ్చునది ఈ నడిమి దశ. తట్టుకొని నిలుచుచున్నాము గనుక బాగుగనే యున్నామని అనుకొందుము.

దేహమున జరుగునది ఇది. మూత్రపిండముల శిరస్సున చిన్న గ్రంథులు రెండు కలవు. ఆపద కలిగినప్పుడు అవి అడ్రినలిన్, కార్టిసాల్ అను రసములను రక్తములోనికి వదలును. గుండె వేగము హెచ్చును, రక్తనాళములు బిగియును, కాలేయము తన నిల్వలోని చక్కెరను విడుచును, గాయమైన రక్తము త్వరగా గడ్డకట్టుటకు సిద్ధపడును. కార్ఖానాలో నిప్పంటుకొన్నప్పుడు పరుగెత్తవలసినవానికి ఇవన్నియు మేలే. పరుగెత్తినచో ఆ చక్కెర ఖర్చగును, నిప్పు ఆరినచో గుండె నెమ్మదించును. కాని గద్దెపై కూర్చుండి, చెక్కు చెల్లునో చెల్లదో యని బ్యాంకు సందేశమునకై ఎదురుచూచువానికిని ఇదే జరుగును. అతడు పరుగెత్తడు. చక్కెర రక్తములోనే నిలిచిపోవును. నిప్పును ఆరదు, ఈ చెక్కు తరువాత మరియొక చెక్కు, పిమ్మట జి.యస్.టి. గడువు, పిమ్మట కుమార్తె పెండ్లి. ఆపత్కాలమునకని దేహము ఇచ్చిన చేబదులు నిత్యపు అప్పుగా మారును.

ఇట్లు ఏండ్ల తరబడి సాగినచో రక్తపోటు హెచ్చును. ఇన్సులిన్ పని మందగించి మధుమేహమునకు దారి యేర్పడును. కొవ్వు పొట్టచుట్టు చేరును. మనలో నలుబది దాటిన వ్యాపారి పొట్టను చూచి "సేటు కళ వచ్చినది" అని నవ్వుకొనుట వాడుక. వైద్యుడు చూచిన నవ్వడు. రాత్రి నిద్రలో ఆరోగ్యవంతుని రక్తపోటు పదింట ఒక పాలైన తగ్గవలెను. నిద్ర లేనివానికి, కలతనిద్రవానికి అది తగ్గదు. గుండెకు ఆ పూట సెలవు లేనట్లే.

కడుపున పుండ్లు చింతవలననే పుట్టునని మన పెద్దలు అనుచుండిరి. పెక్కు పుండ్లకు కారణము ఒక సూక్ష్మజీవి యని ఆస్ట్రేలియా వైద్యులు వారెన్, మార్షల్ కనుగొనిరి. వారికి 2005లో నోబెల్ బహుమతి యిచ్చిరి. ఇది చెప్పుట ఏలయనగా, ప్రతి రోగమును చింతపై మోపుటయు తప్పే. అలసటకు రక్తహీనత, థైరాయిడు, మధుమేహము, క్షయ, నిద్రలో గురకతో ఊపిరి ఆగుట మొదలగు కారణములు పెక్కు ఉండవచ్చును. కనుకనే "ఏముంది, జర పని ఎక్కువైంది" అని తమకు తామే తీర్పు చెప్పుకొనుట కూడదు.

ఇక గంటల లెక్క. ప్రపంచ ఆరోగ్య సంస్థయు, అంతర్జాతీయ కార్మిక సంస్థయు కలిసి 2021లో ఒక లెక్కను ప్రకటించినవి. వారమునకు 35 నుండి 40 గంటలు పనిచేయువారితో పోల్చినచో, 55 గంటలు, అంతకు మించి పనిచేయువారికి పక్షవాతపు ముప్పు 35 శాతమును, గుండెజబ్బుతో మరణించు ముప్పు 17 శాతమును ఎక్కువ. 2016వ సంవత్సరమున ఇట్టి దీర్ఘశ్రమవలన ప్రపంచమున 7,45,000 మంది మరణించిరనియు, ఆ మరణములలో 72 శాతము పురుషులవే యనియు వారి అంచనా. జపాను దేశమున అతిశ్రమవలన కలుగు చావునకు "కరోషి" అని ప్రత్యేకముగా ఒక పేరే కలదు. దానిని నివారించుటకు 2014లో వారు చట్టము చేసికొనిరి.

ఇది చదివిన నాడు మేము మా గంటలను కాగితముపై వేసి చూచితిమి. ఉదయము తొమ్మిదిన్నరకు దుకాణము, రాత్రి తొమ్మిదిన్నరకు మూత; నడుమ భోజనమునకు అరగంట. ఆరు దినములకు 69 గంటలు. ఆదివారము "ఊరకే తాళము తీసి చూచి వచ్చెదము" అని పోయి ఒంటిగంట వరకు కూర్చుండుట. అది మరి నాలుగు గంటలు. ఇంటికి వచ్చిన తరువాత రాత్రి పదకొండు వరకు ఫోనులో వచ్చు ఆర్డర్లకు జవాబు లిచ్చుటను లెక్కింపలేదు. లెక్కించిన వారమునకు ఎనుబది దాటును. మా దుకాణమున మా గుమాస్తా పనిగంటలకు హద్దు కలదు. మా గంటలను అడిగినవారు ఇంతవరకు లేరు, మేమును అడుగుకొనలేదు.

దక్షిణాసియా వారమైన మనకు ఇంకొక చిక్కు కలదు. 52 దేశములలో జరిపిన ఇంటర్‌హార్ట్ అను పరిశోధన 2004లో వెలువడినది. ఏడాది పొడవునా తెరిపి లేని ఒత్తిడిలో ఉన్నామని చెప్పినవారిలో గుండెపోటు ముప్పు, లేనివారి కంటె రెండింతలకు పైగా ఉన్నట్లు అందు తేలినది. అదే పరిశోధన ననుసరించి 2007లో ప్రకటించిన లెక్కలో, మన ఉపఖండపు వారికి మొదటి గుండెపోటు సగటున 53 ఏండ్లకే వచ్చుచుండగా, ఇతరులకు దాదాపు 59 ఏండ్లకు వచ్చుచున్నట్లు తెలిసినది. ఆ ఆరు సంవత్సరములు చిన్నవి కావు. మనలో ఎందరి ఇండ్లలోనో కుమారుని చదువు, కుమార్తె పెండ్లి ఆ ఆరు సంవత్సరములలోనే పడును.

"మా తండ్రిగారు పదునాలుగు గంటలు పనిచేసిరి, ఏమైనది?" అని అడుగువారు కలరు. మా తండ్రిగారును చేసిరి. కాని ఆ దినములలో జూనీ మిల్లు భోంగా మ్రోగినచో పాళీ ముగిసినట్లే. బజారంతయు ఆ భోంగాను బట్టియే లేచి, ఆ భోంగాను బట్టియే పండుకొనెడిది. ఆయన సాఖర్ పేట నుండి మిల్లు వరకు నడచి పోయి నడచి వచ్చిరి. రాత్రి భోజనమైన తరువాత వాకిట మంచము వేసికొని ఇరుగుపొరుగుతో ముచ్చటలాడి నిద్రించిరి. పండుకొన్న తరువాత సూరతు నుండి గాని, ఇచ్చలకరంజి నుండి గాని ఎవ్వరును "మాల్ కబ్ భేజోగే" అని అడిగినవారు లేరు. ఇంకొక మాట. తండ్రులను తలచుకొనునప్పుడు బ్రదికి యున్నవారినే తలచుకొందుము. మా పినతండ్రిగారు 51 ఏండ్లకే పక్షవాతముతో పడి ఎనిమిది మాసములు మంచము పట్టి పోయిరి. వారిని ఎవ్వరును ఉదాహరణగా చెప్పరు.

1948 నాటి బొంబాయి దుకాణముల చట్టము వారమున కొక దినము దుకాణము మూయవలెనని నియమించినది. ఆ సెలవు పనివాని కొరకు పెట్టినదే యైనను, తలుపు మూసిన తరువాత యజమానుడును ఇంటికే పోవలసి వచ్చెడిది. 2017లో మహారాష్ట్ర ప్రభుత్వము క్రొత్త చట్టము చేసి ఏడాదికి 365 దినములును దుకాణము తెరచుకొనవచ్చునని అనుమతించినది. పెద్ద సంస్థలలో పనివారికి వారపు సెలవును వంతులవారీగా ఇయ్యవలెనన్నది. చిన్న దుకాణములను ఆ నియమములలో పెక్కింటినుండి తప్పించినది. అప్పుడు మనమే సంతోషించి మిఠాయి పంచుకొంటిమి. తనకు బదులు గద్దెపై కూర్చుండు మనిషి లేని చిన్న వ్యాపారికి, ఆనాడు చేజారినది తన సెలవే యని మాకు తోచలేదు. ఇప్పుడు నారళీ పూర్ణిమనాడు మార్కండేయుని రథము కదలినప్పుడు తప్ప మన వాడలోని తలుపులన్నియు ఒక్కమారుగా మూతబడుట మేము చూడలేదు.

మరమగ్గములపై, అనగా మన వాడుకలోని సాంచాలపై, పనిచేయు సోదరుల సంగతి వేరుగా వ్రాయదగినది. ఇచ్చట రెండు మాటలే చెప్పెదము. 85 డెసిబెళ్లు మించిన చప్పుడులో రోజునకు ఎనిమిది గంటలున్న చెవికి హాని యని వైద్యులు చెప్పుదురు. సాంచాల షెడ్డులో చప్పుడు దానిని సులభముగా మించును, పాళీయో పండ్రెండు గంటలు. అట్టి చప్పుడు చెవితో ఆగక రక్తపోటును గూడ పెంచును. ఆ అలసటకు విరుగుడని వారు నమ్ముకొన్నది మావా, తంబాకు. పొగాకులోని నికోటిన్ గుండెను ఇంకను వేగముగ తరుమును. నోటి పుండు సంగతి సరేసరి. వారిని అనుటకు మేము తగము. మా గల్లాపెట్టె అడుగున ఏముండెడిదో మా గుమాస్తాకు తెలియును. మానివేసి పదునొకండు వారములైనది.

ఇప్పుడు చెప్పబోవునది పెద్దల ముందు చెప్పుకొను మాట కాదు. అయినను చెప్పవలసియున్నది. దీర్ఘమైన అలసట, నిద్రలేమి పురుషుని పురుషత్వపు రసములను తగ్గించును. అమెరికాలోని షికాగోలో పదిమంది ఆరోగ్యవంతులైన యువకులకు ఒక వారము రాత్రికి ఐదు గంటల నిద్ర మాత్రమే యిచ్చి చూడగా, పగటివేళ వారి టెస్టోస్టెరోన్ 10 నుండి 15 శాతము తగ్గినట్లు 2011లో ప్రకటించిరి. ఇరువది నాలుగేండ్ల వయసువారికే అట్లైన మనమాట యేమి? దాంపత్యమున కలుగు బలహీనత పెక్కుమారులు రక్తనాళములు బిగిసిపోవుచున్నవనుటకు తొలి సూచన యనియు, గుండెజబ్బు బయటపడుటకు కొన్ని యేండ్ల ముందే అది కనబడవచ్చుననియు వైద్యులు చెప్పుచున్నారు. మనవాడు దానిని వైద్యునితో చెప్పడు. గోడపై వ్రాసిన ఫోను నంబరుకు చెప్పును. ఆ గుడారపు వైద్యుడు "శక్తి" మందు అని యిచ్చునది ఏమో తెలియదు; రక్తపోటు మాత్రము చూడడు.

మన ఇండ్లలోని స్త్రీలు అలసినవారు కారా యని అడుగవచ్చును. తెల్లవారుఝామున లేచి వంటచేసి, సాయంకాలము వరకు బీడీలు చుట్టు తల్లులు, అక్కచెల్లెండ్రు ఈ వాడలో వేలకొలది. వారి అలసట మనకంటె హెచ్చే గాని తక్కువ కాదు. కాని వారు బీడీలు చుట్టుచు ఒకరితో నొకరు చెప్పుకొందురు. మోకాలు నొప్పి, తలనొప్పి, అత్త సాధింపు అన్నియు చేట ముందు కూర్చుండి బయట పెట్టుకొందురు. పురుషుడు చెప్పుకొనడు. వ్యాపారి అసలే చెప్పుకొనడు. అందుచే ఈ వ్యాసమును పురుషులకే వ్రాయుచున్నాము.

చెప్పుకొనకపోవుటకు కారణము ధైర్యమో, అభిమానమో అని మేమును మొన్నటి వరకు తలచితిమి. మిత్రుని ఇల్లాలు చెప్పిన పిమ్మట మా అభిప్రాయము మారినది. కారణము పరపతి. మన వ్యాపారము నూటికి ఎనుబది పాళ్లు అరువుపై నడచునది. నూలు వ్యాపారి కార్ఖానాదారునకు అరువిచ్చును, కార్ఖానాదారుడు తువ్వాళ్ల వ్యాపారికి, అతడు ఊరూరి దుకాణదారునకు. కాగితములేవి యున్నను అసలు హామీ మనిషియే. "ఆయన గట్టివాడు" అన్న మాటపై బేళ్లు కదలును. ఆ మాటలో గట్టిదనము డబ్బుదో, దేహముదో మన మెన్నడును విడదీసి చూడలేదు. దేహము సడలినదని వినినంతనే డబ్బు సడలినదని తలచి వసూలుకు పరుగెత్తుదుము. అందరును ఒక్కసారి పరుగెత్తినచో, అంతవరకు బాగుగ నున్న వ్యాపారమును కూలును. కాబట్టి వ్యాపారి రోగమును దాచును. దాచుట చేత రోగము ముదురును. ముదిరి పడినప్పుడు మనము భయపడినంతయు నిజమగును. ఈ చక్రమును త్రిప్పుచున్నది అప్పిచ్చిన మనమే.

"రోజు నడువుడు, ఉప్పు తగ్గించుడు, ప్రాణాయామము చేయుడు" అని మనకు ఉపదేశించువారు చాలమంది కలరు. మంచి మాటలే, చేయువారు చేయుదురు గాక. కాని తన ఆయాసమును ఇల్లాలితో చెప్పి ఒట్టు పెట్టించుకొన్న మనిషికి ప్రాణాయామము వలన కలుగు మేలు కొంతయే. అతనికి మొదట కావలసినది, నిర్భయముగా వైద్యుని మెట్లెక్కగల వీలు.

అందుచే మన సంఘపు సభ్యుల ముందు మేమొక ప్రతిపాదన ఉంచుచున్నాము. సభ్యులలో ఎవ్వరైనను పెద్దజబ్బుతో పడినచో, పడిన దినమునుండి 90 దినముల వరకు మనలో ఎవ్వరును ఆతనిని గాని, ఆతని ఇంటివారిని గాని బాకీ అడుగరాదు. ఆసుపత్రికి వసూలుకై ఎవ్వరిని పంపరాదు. ఇంటివారు కోరినచో సంఘపు పెద్దలిద్దరు కూర్చుండి ఆవర్జా చూచి, ఎవరికెంత, ఎవరినుండి ఎంత, అని ఒక పట్టీ వ్రాసి యియ్యవలెను. రావలసినవి వసూలు చేయుటలో తోడ్పడవలెను. ఇయ్యవలసినవానికి పిమ్మట వాయిదాలు నిర్ణయించుకొనవచ్చును. అప్పు మాఫీ చేయుడని మేము చెప్పుట లేదు. మేమును వ్యాపారులమే.

దీనికి అభ్యంతరములు వచ్చుననియు తెలియును. ఇద్దరు ముగ్గురు మిత్రులు మాతో అప్పుడే అనిరి: "రోగము వంకతో ఎగవేయువారు పుట్టుదురు." పుట్టవచ్చును. రోగము లేకుండగనే ఎగవేసినవారు మన ఆవర్జాలలో ఎందరు కలరో ఒక్కమారు పుటలు త్రిప్పి చూచుకొనుడు. ఆసుపత్రి చీటీ తెచ్చినవాడు ఎందరిలో నొకడో తెలియును. "90 దినములు మేము ఆగుదుము, మాకు నూలు మిల్లువారు ఆగుదురా?" అని మరియొకరు అడిగిరి. ఇది న్యాయమైన ప్రశ్న. మిల్లువారు ఆగరు. కనుక ఒక్కనిపై భారము పడకుండ, పెద్దబాకీదారులకు చిన్నమొత్తముగా చేబదులిచ్చుటకు సంఘమున కొంత నిధి ఉండవలెను. భవనపు సున్నమునకని కూడబెట్టిన సొమ్ము బ్యాంకులో మూడేండ్లుగా ఊరకే యున్నది. గోడలు ఇంకొక యేడాది ఆగగలవు.

రెండవది చిన్న సంగతి. సంఘ కార్యాలయమున రక్తపోటు యంత్రమొకటి కొని ఉంచితిమి. సోమ, గురువారములలో సాయంకాలము ఏడు గంటలనుండి తొమ్మిది వరకు ఒక నర్సు సోదరి కూర్చుండును. పరీక్షకు అరగంట ముందు చాయ గాని, తంబాకు గాని తీసికొనరాదు. వచ్చి ఐదు నిమిషములు మాటలాడక, పాదములు నేలకానించి కూర్చుండవలెను. పై అంకె 140, క్రింది అంకె 90, లేక వానిలో నేదైనను అంతకు మించి పలుమార్లు వచ్చినచో వైద్యుని చూడవలెను. పట్టీలో పేరుండదు, సంఖ్య మాత్రము వ్రాయుదురు. ఆ పట్టీని మేము గూడ చూడము. మొదటి రెండు వారములలో వచ్చినవారు పదునొకండుగురు. వారిలో ఎనమండుగురు బడి పంతుళ్లు, ఉద్యోగులు. దుకాణదారులు ముగ్గురే, అందును ఒకడము మేము. మా అంకె 158, 96. ఇంతవరకు మాకు తలనొప్పియైన లేదు.

ఎదలో బరువు, ఎడమచేతికి గాని దవడకు గాని ప్రాకు నొప్పి, చల్లని చెమట, అకారణమైన ఆయాసము కలిగినచో దానిని "గ్యాస్" అని పేరు పెట్టి సోడా త్రాగి పండుకొనవలదు. ఆ రాత్రియే 108కి ఫోను చేయవలెను. గుండెపోటులో ఆలసించిన కొలది గుండె కండరము చచ్చుచుండును. అది మరల మొలవదు. మా మిత్రునికి ఆనాడు దుకాణమున ఎదుటివాడు సోడా తెప్పించినాడు. ప్రక్క మందుల దుకాణపు కుర్రవాడు మాత్రము వినక రిక్షాలో ఎక్కించుకొని పోయినాడు. ఆ కుర్రవానికి మన సంఘము శాలువా కప్పినను తప్పు లేదు.

వచ్చు సర్వసభ్య సమావేశమున 90 దినముల తీర్మానమును మేమే ప్రతిపాదింపనున్నాము. బలపరచువారు ముందుగా మాకు తెలిపిన మేలు. వ్యతిరేకించువారు గూడ వచ్చి నిలువబడి చెప్పుదురు గాక. తీర్మానము గెలిచినను ఓడినను మా వరకు మేము మా ఖాతాలో దానిని అమలుపెట్టితిమి. 1,84,000 రూపాయలను దీపావళి దాటువరకు అడుగబోమని ఒక కాగితముపై వ్రాసి, సంతకము చేసి, గడచిన గురువారము మిత్రుని ఇంటికి పోయి చేతికిచ్చితిమి. గుమాస్తాను పంపినందులకు క్షమింపుమనియు అడిగితిమి. ఆయన కాగితమును రెండుమార్లు చదివి, మడచి, దిండు క్రింద పెట్టుకొని, మొదట అడిగిన మాట ఇది:

"ఈ కాగితం సంగతి బజార్ల ఇంకెవరికన్న తెలుసా అన్నా?"

ఎవ్వరికిని తెలియదని చెప్పితిమి. పేరు లేకుండ వ్రాసికొనుటకు ఆయన అనుమతి నిచ్చినది ఆ తరువాత రెండు దినములకు.